చుక్కాని మాట, ముల్లు మాట

విజయనగరము జిల్లా పూసపాటిరేగ ప్రాంతమున, చింతపల్లి వద్ద, 1847లో ఒక దీపస్తంభము వెలసినది. భీమునిపట్నము రేవునకు పోవు ఓడలు ఆ చేరువ సముద్రములోని రాళ్లకు తగులకుండుటకై దానిని నిలిపిరి. ఇంకను ఉత్తరమున, వంశధార కడలిలో కలియుచోట, కళింగపట్నములో మరియొక దీపస్తంభము కలదు. రాయి ఎక్కడ ఉన్నదో దీపము చెప్పును. కాని ఓడ చుక్కాని ఏ వైపునకు తిరిగి ఉన్నదో ఏ దీపమును చెప్పజాలదు. ఆ సంగతి చెప్పునది ఓడ బ్రిడ్జి మీద ఉండు ఒక చిన్న డయలు, దానిపై ఆడు ముల్లు. నేటి ప్రసంగములో ఆ ముల్లును గురించి ముచ్చటించెదము.

తెప్ప మీద పోవు మత్స్యకారునికి ఈ చిక్కు లేదు. తెడ్డు అతని చేతిలోనే ఉన్నది. నీటి ఒత్తిడి అరచేతికే తెలియును. పెద్ద ఓడలో చుక్కాని వెనుక నీటిలో ఉండును. దానిని తిప్పుమని చెప్పువాడు ఎంతో ఎత్తున, ఎంతో దూరమున ఉండును. మధ్య యంత్రములున్నవి. చక్రము తిప్పినాడు సరే, చుక్కాని తిరిగినదా? సముద్రముపై ప్రాణరక్షణకై 1974లో ఏర్పడిన అంతర్జాతీయ ఒడంబడిక దీనిని గట్టిగా పట్టుకొన్నది. చుక్కానిని యంత్రబలముతో త్రిప్పు ఓడలో దాని కోణము బ్రిడ్జి మీద కనబడవలెను. ఆ కనబరచు ఏర్పాటు చుక్కానిని నడిపించు ఏర్పాటుతో సంబంధము లేనిదై ఉండవలెను. ఆజ్ఞ మోసిన తీగయే ఆజ్ఞ నెరవేరినదని సాక్ష్యము పలుకరాదన్న మాట.

చుక్కాని ఇరుసునకు తగిలించిన పరికరము దాని కోణమును విద్యుత్తుగా మార్చి పంపును. ఇందు రెండు పద్ధతులు కలవు. మొదటిది వోల్టేజి: ఎడమ ప్రక్క 35 డిగ్రీలకు మైనస్ 10 వోల్టులు, కుడి ప్రక్క 35కు ప్లస్ 10, నడుమ సున్న. వోల్టుకు మూడున్నర డిగ్రీలు. రెండవది కరెంటు: ఎడమ చివర 4 మిల్లీఆంపియర్లు, కుడి చివర 20, నడుమ 12. అనగా 70 డిగ్రీలను 16 మిల్లీఆంపియర్లలో సర్దినారు, మిల్లీఆంపియరుకు 4.375 డిగ్రీలు.

నేడు వచ్చుచున్న డయళ్లలో అనేకము ఈ రెంటిని గ్రహింపగలవు. అయితే ఏది వచ్చునో అమర్చువాడు ముందే చెప్పవలెను. వోల్టేజిని కొలుచునపుడు డయలు లోపలి నిరోధము మిక్కిలి హెచ్చు. దానిని ప్రక్కన తగిలించుదురు. కరెంటును కొలుచునపుడు నిరోధము స్వల్పము, ఉదాహరణకు 250 ఓములు; దానిని త్రోవలోనే, వరుసలో ఇమిడ్చెదరు. తారుమారైనచో? 250 ఓములపై 10 వోల్టులు పెట్టినచో 40 మిల్లీఆంపియర్లు ప్రవహింపజూచును. పంపు పరికరము అంత ఇవ్వలేక కుంగిపోవును, లేదా ఏదో ఒక భాగము కాలును. ఇట్టి తప్పు వెంటనే బయటపడును గనుక మాకు దీనిని గురించి అంత భయము లేదు.

భయపడవలసినది బయటపడని తప్పు. పరికరము 4 నుండి 20 వరకు పంపుచుండగా, అమర్చువాడు డయలునకు 0 నుండి 20 అని చెప్పినాడనుకొందము. చుక్కానిని కుడి ప్రక్కకు పూర్తిగా త్రిప్పినారు, 20 వచ్చినది, ముల్లు 35 చూపినది. ‘భేష్’ అని పెట్టె మూసివేసినాడు. కాని చుక్కాని నడుమకు వచ్చినపుడు 12 వచ్చును. డయలు దానిని కుడివైపు 7 డిగ్రీలుగా చదువును. ఎడమ చివర 35 చూపవలసినది 21 చూపును. చీకటి రాత్రి ఆ ముల్లును నమ్మి దానిని సున్నకు తెచ్చిన నావికుని చుక్కాని నిజమునకు ఎడమవైపు తొమ్మిది డిగ్రీల దాపున ఉండును. ఓడ ఎందుకు ప్రక్కకు పోవుచున్నదో అతనికి బోధపడదు.

సున్న అనునది విచిత్రమైన అంకె. మా స్టూడియోలో ధ్వనిని చూపు డయలు మీద సున్న అనిన నిశ్శబ్దము కాదు. కంఠము నిండుగా పలుకుచున్నదని అర్థము. నిశ్శబ్దములో ముల్లు ఎడమ మూలన పడి ఉండును. అటులనే వోల్టేజి పద్ధతిలో సున్న అనిన చుక్కాని నడుమ ఉన్నదని అర్థము. తీగ తెగి వోల్టేజి సున్నకు పడిపోయిననో? అప్పుడును ముల్లు నడుమనే నిలుచును. చచ్చిన తీగ ‘అంతయు క్షేమము’ అని చెప్పుచుండును. 4 నుండి మొదలిడుటలోని తెలివి ఇక్కడ ఉన్నది. బ్రతికి ఉన్న తీగ 4కు తగ్గదు; సున్న వచ్చినచో అది కోణము కాదు, తెగుటయే. డయలు అప్పుడు హెచ్చరిక చేయగలదు. పై తప్పు చేసినవాడు ఆ రక్షణను కూడ పోగొట్టును. వాని డయలు తెగిన తీగను ‘ఎడమ 35’ అని చదువును.

కావున ఒక చివర చూచి తృప్తిపడరాదు. ఓడ రేవులో ఉండగా ఒకరు చుక్కాని యంత్రపు గదిలో, ఇరుసు దగ్గరి కొలబద్దను చూచుచు నిలువవలెను. మరియొకరు బ్రిడ్జి మీద ముల్లును చూడవలెను. టెలిఫోనులో పలుకుకొనుచు మొదట నడుమ, పిదప పదేసి డిగ్రీలకొకసారి ఇరుప్రక్కల పోల్చవలెను. తీగలు తిరగబడి ఎడమ కుడియైనను ఇక్కడనే తేలును.

ఇంకొకటి. ముల్లు వణకుచున్నదని దానిని నెమ్మదింపజేయు అమరికను కొందరు అతిగా పెంచుదురు. చుక్కాని ఒక ప్రక్క 35 నుండి మరొక ప్రక్క 30కి 28 సెకండ్లలో రావలెనని నియమము. సెకండునకు రెండు డిగ్రీలకు పైమాటే. ముల్లు మూడు సెకండ్లు వెనుకబడినచో చుక్కానికి ఏడు డిగ్రీలు వెనుక ఉండును.

విశాఖపట్నములో 1948 మార్చి 14న ‘జలఉష’ నీటిలోకి దిగినది. ఓడ పని మన తీరమునకు కొత్త కాదు. ఆ పనిలో ప్రవేశించు యువకులకు మేము చెప్పునది ఇంతే: సరిచూచిన అంకెలను కాగితముపై వ్రాసి ఓడ పుస్తకములో ఉంచుడు. ఏడాదికో రెండేండ్లకో డయలు చెడి క్రొత్తది వచ్చును. అది కర్మాగారములో పెట్టిన అమరికతో వచ్చును. ఆ ఓడ చుక్కాని సంగతి దానికి తెలియదు.