‘జాగరీ’ శబ్ద విచారము

అనకాపల్లి బెల్లపు విపణి దేశప్రసిద్ధము. అచట రైతు ‘బెల్లము’ అని యమ్ము దిమ్మయే ఆంగ్లమున వ్రాయునపుడు ‘జాగరీ’ యగును. ఈ రెండు పేర్లకును ధ్వనిసామ్యము లేదు. ఆంగ్లపదము మన బెల్లమునుండి పుట్టలేదనుట స్పష్టము. అది యెచటిదో పరిశీలింతము.

‘బెల్లము’ ద్రావిడ పదము. కన్నడ ‘బెల్ల’, తమిళ ‘వెల్లం’ దీని సోదరములు. ‘జాగరీ’కి మూలము సంస్కృత ‘శర్కర’. గులకఱాయి, ఇసుక యని దాని యర్థము. తీపి పలుకులును అట్లే యుండుటచే నా పేరు వానికిని సంక్రమించినది. ప్రాకృతమున ‘సక్కర’యైన యీ శబ్దమే మనకు ‘చక్కెర’, మలయాళమునకు ‘చక్కర’ అయ్యెను. 1498లో కళ్ళికోట చేరిన పోర్చుగీసువారు కేరళ తీరమున నీ మాటను ‘జాగర’గా గ్రహించిరి. వారినుండి 16వ శతాబ్దాంతమున నది ఆంగ్లమున ప్రవేశించెను.

చక్కెరను దెలుపు పదము బెల్లమున కెట్లు పేరయ్యెనని శంక కలుగవచ్చును. మలయాళమున నేటికిని ‘శర్కర’ యనగా బెల్లమే. ఆ యర్థముతోడనే పదము ఓడ యెక్కినది.

‘శర్కర’యే పశ్చిమాభిముఖమై పారసీకమున ‘షకర్’, అరబ్బీని ‘సుక్కర్’ అయి, లాటిను, ఫ్రెంచి భాషల మీదుగా ఆంగ్లమున ‘షుగర్’ అయ్యెను. కావున ‘షుగర్’, ‘జాగరీ’ ఏకమూలకములు. మనము భిన్నజన్యములగు రెండు పదములతో దెలుపు భేదమును ఆంగ్లము ఒక్క పదము యొక్క రెండు రూపములతో దెలుపుచున్నది.

ప్రయోగ విషయమున నొక జాగ్రత్త యవసరము. యూలు, బర్నెలుల 1886 నాటి ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువు ‘జాగరీ’ని ప్రధానముగా తాళజాతి వృక్షముల రసమునుండి చేయు ముదురువన్నె చక్కెరగా నిర్వచించినది. నేడు ఆంగ్లమున నిది చెఱకు బెల్లమునకును, తాటిబెల్లమునకును చెల్లును. కావున కుంపిణీనాటి పత్రములందు ‘జాగరీ’ కానవచ్చినంతనే చెఱకు బెల్లమని తలచినచో, లేని చెఱకుతోటలను చరిత్రలో నాటినవార మగుదుము. ఆ తావున చెఱకు, గానుగల ప్రసక్తి కలదో, తాటిచెట్ల ప్రసక్తి కలదో చూచి యర్థము నిర్ణయింపవలెను. పదము యొక్క పుట్టుక తెలిసినంత మాత్రమున ప్రయోగార్థము తెలిసినట్లు కాదు. పరిశోధకునకు రెండును కావలయును.