చార్జి అప్పగింతలో లేని జాబితా

ఏప్రిల్ 23న టీచర్లు పిల్లలకు జాగ్రత్తలు చెప్పి పంపుతారు. జూన్ 12న ఎవరు తిరిగొస్తారో ఇటు టీచర్‌కూ తెలియదు, అటు పిల్లలకూ తెలియదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు చివరి గంట మోగాలి. కానీ ఏప్రిల్ 23న ఏ సర్కారు బడిలోనూ పిల్లలు గంట కోసం ఆగరు. ఒంటిపూట బడులు మొదలై నెల దాటింది. పరీక్షలు ముగిశాయి, ప్రోగ్రెస్ కార్డులు చేతికొచ్చాయి. అన్నం తిని పళ్లెం కడిగి సంచిలో పెట్టుకోవడమే తరువాయి. ఆ సందడిలో టీచర్ చెప్పే మాటలు ఏటా ఒక్కటే: ఎండలో తిరగొద్దు, పెద్దవాళ్లు తోడు లేకుండా చెరువుల్లో, బావుల్లో దిగొద్దు, రోజుకో పేజీ అయినా చదవండి, బడి తెరిచిన రోజే రండి. సగం మంది వినరు. ముందు వరసలో ఒకరిద్దరు మాత్రం, వచ్చే ఏడు కూడా మీరే ఉంటారు కదా అని అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ బదిలీల ఏడాది ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పగల టీచర్లు తక్కువ.

బడిలో లాంఛనంగా వీడ్కోలు అందేది పదో తరగతి వాళ్లకే. పరీక్షలకు ముందు, ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో, తొమ్మిదో తరగతి పిల్లలు చందాలు వేసుకుని సభ పెడతారు. ఆడపిల్లలు అమ్మ చీరో అక్క చీరో కట్టుకొస్తారు. సమోసాలు, కూల్‌డ్రింకులు, తలా ఒక పెన్ను. ప్రధానోపాధ్యాయుడు క్రమశిక్షణ గురించి మాట్లాడతాడు. హాల్‌టికెట్ మరచిపోవద్దని ఇంకొకరు గుర్తు చేస్తారు. ఒకప్పుడు ఆటోగ్రాఫ్ పుస్తకాలు చేతులు మారేవి, ఇప్పుడు ఆ పని ఫోన్ కెమెరా చేస్తోంది. మిగతా తరగతులకు ఇవేవీ ఉండవు. వాళ్లు ఎక్కడికీ వెళ్లడం లేదు కదా అన్నది బడి లెక్క.

కానీ వెళ్లేది టీచరే అయితే? రెండు రాష్ట్రాల్లోనూ బదిలీల నిబంధన దాదాపు ఒకటే. ఒకే బడిలో ఎనిమిదేళ్లు పూర్తయిన టీచరు, అయిదేళ్లు పూర్తయిన ప్రధానోపాధ్యాయుడు కదలాల్సిందే. ఆంధ్రప్రదేశ్ 2025లో ఇందుకు ఏకంగా చట్టమే చేసింది. అక్కడ 2023లోనూ, 2025లోనూ బదిలీలు వేసవిలో, బడి మూసి ఉన్నప్పుడే మొదలయ్యాయి. తెలంగాణలో 2023లో మొదలైన ప్రక్రియ కోర్టు కేసులతో ఆగి, చివరికి 2024 జూన్, జూలై నెలల్లో, బడులు తెరిచాక పూర్తయింది. పట్టణానికి దూరంగా పనిచేసినవారికి ఎక్కువ పాయింట్లు, భార్యాభర్తల కేసులకు ప్రత్యేక పాయింట్లు, ఆపైన వెబ్ కౌన్సెలింగ్. టీచర్లు రాత్రిళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని ఊళ్ల పేర్లను ప్రాధాన్య క్రమంలో నింపుతారు. ఉత్తర్వు వచ్చాక పాత బడిలో రిలీవ్ కావడం, కొత్త బడిలో చేరడం చకచకా జరిగిపోతాయి.

ఈ విధానాన్ని తప్పుపట్టడం కష్టం. నిర్బంధ బదిలీ లేకపోతే రోడ్డు పక్క బడులు టీచర్లతో నిండిపోతాయి, ఏజెన్సీ గూడేలు, మారుమూల పల్లెలు ఖాళీగా మిగులుతాయి. పలుకుబడి ఉన్నవారు జిల్లా కేంద్రం దాటరు. పాయింట్ల పద్ధతి వచ్చాకే సిఫార్సు లేఖల గిరాకీ కొంతైనా తగ్గిందన్నది టీచర్లే ఒప్పుకునే సంగతి. ప్రభుత్వోద్యోగానికి మనిషితో పనిలేదు, నిబంధనే ముఖ్యమని, అదే దాని బలమని మాక్స్ వెబర్ సూత్రీకరించినట్టు రాజనీతి శాస్త్రం విద్యార్థులు మొదటి ఏడాదిలోనే చదువుకుంటారు. నేనూ చదివాను. తహసీల్దారు మారితే పట్టాదారుకు ఒరిగేదీ తరిగేదీ ఉండకూడదు. కానీ రెండో తరగతి పిల్లకు సారు మారడం అలాంటిది కాదు. విద్యాశాఖ దృష్టిలో అది ఒక ఎస్‌జీటీ పోస్టు. ఆ పిల్ల దృష్టిలో తను ‘ఱ’ రాయలేనప్పుడు చేయి పట్టుకుని దిద్దించిన మనిషి.

బదిలీ అయిన ప్రధానోపాధ్యాయుడు వారసుడికి చార్జి అప్పగించే తంతు చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది. బీరువా తాళాలు, క్యాష్ బుక్, స్టాక్ రిజిస్టరు, హాజరు పట్టీలు, బెంచీలు, కుర్చీలు, వంట పాత్రలు, మధ్యాహ్న భోజనం బియ్యం ఎన్ని కిలోలు, గుడ్లు ఎన్ని. ఒక్కో వరసకూ ఇద్దరూ సంతకాలు చేస్తారు. బియ్యంలో రెండు కిలోల తేడా వస్తే సంజాయిషీ ఇవ్వాలి. నాలుగో తరగతిలో ఎవరికి ఇంకా రెండక్షరాల మాటలు కూడబలుక్కోవడం రాదో, ఎవరికి బోర్డు కనబడక వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటున్నారో, ఏ పిల్లకు ఇంట్లో తెలుగు కాక లంబాడీయో కోయభాషో తప్ప రాదో, సోమవారం పొద్దున ఎవరు ఆకలితో వస్తారో ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు. ఎనిమిదేళ్ల పరిశీలన ఆ టీచరుతోనే బస్సెక్కి వెళ్లిపోతుంది. కొత్తవారికి అది తెలియడానికి దసరా దాటుతుంది.

పిల్లలకు ఇది మాటల్లో చెప్పడం రాకపోవచ్చు. కానీ అప్పుడప్పుడు చేతల్లో చెబుతారు. 1960 వరకు చిత్తూరు జిల్లాలో ఉండి, సరిహద్దుల మార్పిడిలో తమిళనాడుకు వెళ్లిన పళ్లిపట్టు ప్రాంతంలోని వెలియగరంలో 2018 జూన్‌లో జరిగింది అదే. అక్కడి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లిష్ చెప్పే 28 ఏళ్ల టీచర్‌కు అదే మొదటి ఉద్యోగం. పిల్లల సంఖ్యను బట్టి పోస్టుల సర్దుబాటు చేయడంతో ఆయనకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. వెళ్లబోతున్న ఆయన్ను పిల్లలు గేటు దగ్గర చుట్టుముట్టారు, చేతులూ నడుమూ పట్టుకుని ఏడ్చారు. ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. అధికారులు బదిలీని పది రోజుల పాటు ఆపారు. మరుసటి ఏడు ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లా భంకోలీలో మూడేళ్లు పనిచేసిన టీచరు వెళ్లిపోతుంటే ఊరు ఊరంతా డప్పులతో కదిలొచ్చి సాగనంపింది.

మంచిర్యాల జిల్లా జన్నారం మండలం పొనకల్ పిల్లలు ఇంకో అడుగు ముందుకేశారు. 2024 జూలైలో అక్కడి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు పన్నెండేళ్ల తర్వాత దగ్గర్లోని అక్కపెల్లిగూడకు బదిలీ అయ్యారు. ఏడ్చి ఊరుకోలేదు. 133 మంది పిల్లలు టీసీలు తీసుకుని ఆయన వెనకే కొత్త బడిలో చేరిపోయారు. సర్కారు బడిని వదిలి ప్రైవేటు వ్యానెక్కే పిల్లల వార్తలకు అలవాటుపడిన రాష్ట్రంలో ఇది శుభవార్తే. అయితే పాత బడిలో మిగిలిన పిల్లల సంగతి ఏమిటన్న ప్రశ్న ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు. ఆ బడి బలమంతా ఒకే మనిషి భుజాల మీద ఉందని కూడా ఆ సంఖ్య చెబుతోంది.

టీచర్ వీడ్కోలు అనగానే అందరూ తలచుకునేది 1921 నాటి మైసూరు ముచ్చట. మహారాజా కాలేజీలో తత్వశాస్త్రం చెబుతున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళుతుంటే, విద్యార్థులు పూలతో అలంకరించిన బండికి గుర్రాలకు బదులు తామే పూని రైల్వే స్టేషన్ దాకా లాక్కెళ్లారు. ఆయన పుట్టినరోజు 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవం అయింది కాబట్టి ఏటా సెప్టెంబర్ 5న ఈ కథ వేదికల మీద వినబడుతూనే ఉంటుంది. మైసూరు విద్యార్థులు పెద్దవాళ్లు. గురువు పెద్ద కొలువుకు వెళుతున్నారని తెలిసి గర్వంగా సాగనంపారు. వెలియగరం పిల్లలు బండి లాగలేదు, గేటుకు అడ్డం పడ్డారు. ఆ టీచరు వెళితే తమకు ఇంగ్లిష్ ఎవరు చెబుతారో వాళ్లకు తెలియదు.

ఒకే టీచరున్న బడుల్లో ఇది మరీ నిజం. 2024-25 యుడైస్ ప్లస్ లెక్కల ప్రకారం దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్షకు పైనే. అందులో ఆంధ్రప్రదేశ్‌వి 12,912, రాష్ట్రాలన్నిటిలోకీ ఎక్కువ. అలాంటి చోట అయిదు తరగతుల పిల్లలకూ పాఠం చెప్పేది, బియ్యం తూచేది, జ్వరం వస్తే ఇంటికి పంపేది ఒక్కరే. ఆ ఒక్కరూ వెళితే పిల్లలకు బడి మొత్తం మారిపోయినట్టే. దీనికి తోడు బడులను కలపడం, విడదీయడం. 2022లో ఆంధ్రప్రదేశ్ 117వ నంబరు జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపింది. 2025లో ఆ విధానాన్ని రద్దు చేసింది. ఈ రెండు నిర్ణయాల మధ్య టీచర్లు మారిన పిల్లలకు వీడ్కోలు సభ ఎక్కడా జరగలేదు.

పదవీ విరమణ కథ ఇంకో తమాషా. పుట్టిన తేదీ తెలియని పిల్లలకు బడిలో చేర్చుకునేటప్పుడు పంతుళ్లే ఒక తేదీ వేసేవారు. అందువల్ల ఒక తరం వారిలో చాలామంది జూన్, జూలై నెలల్లోనే ‘పుట్టారు’. జూలై 1న పుట్టినట్టు రాసుకున్న వారు నిబంధన ప్రకారం జూన్ 30న రిటైరవుతారు. అంటే బడి తెరిచిన పద్దెనిమిది రోజులకు. తరగతి పేర్లు నోటికొచ్చే వేళకు శాలువా, జ్ఞాపిక, గ్రూప్ ఫొటో. ఆ సీటు మళ్లీ ఎప్పుడు నిండుతుందో డీఎస్సీకే తెలియాలి.

అసలు వీడ్కోలే లేకుండా ముగిసిన ఏడాదీ ఒకటుంది. 2020 మార్చి 16న తెలంగాణలో, 19న ఆంధ్రప్రదేశ్‌లో కరోనా భయంతో బడులు మూతపడ్డాయి. రెండు వారాల్లో తెరుస్తారనే అందరూ అనుకున్నారు. తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మూడు పేపర్ల దగ్గర ఆగిపోయి, జూన్‌లో రద్దయ్యాయి. అక్కడి ప్రాథమిక తరగతుల పిల్లలు మళ్లీ బడి గడప తొక్కింది 2021 సెప్టెంబర్ 1న. ఒకటో తరగతి మధ్యలో ఇంటికి వెళ్లిన పిల్ల మూడో తరగతిలో కూర్చుంది. ఆ పిల్లకు అక్షరాలు నేర్పిన టీచర్ ఎక్కడ ఆపారో కొత్త టీచర్‌కు చెప్పే వారే లేరు.

ఇదంతా ఒకవైపు. ఏప్రిల్ 23న టీచర్‌ను కలవరపెట్టేది రెండోవైపు. తాను తిరిగొచ్చినా, ఎదురుగా కూర్చున్న వారిలో ఎందరు తిరిగొస్తారు? అయిదో తరగతి పూర్తయిన పిల్లల్లో కొందరికి హైస్కూలు ఊరి బయట, రోడ్డు దాటాక ఉంటుంది. మగపిల్లాడిని సైకిలిచ్చి పంపుతారు, ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో లెక్కలు మారతాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి గుంటూరు వైపు మిర్చి కోతలకు, పత్తి తీతకు వెళ్లిన కుటుంబాల పిల్లల్లో కొందరు చివరి రోజు బడిలోనే ఉండరు. వాళ్ల ప్రోగ్రెస్ కార్డులు టీచరు బల్ల మీద ఉండిపోతాయి.

పైగా వేసవి పెళ్లిళ్ల కాలం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లయినవారు దేశంలో 23.3 శాతం, తెలంగాణలో 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. తొమ్మిదో తరగతి గదిలో ఈ అంకెలకు ముఖాలుంటాయి. ఫలానా పిల్ల ఇంటికి చుట్టాలు వచ్చిపోతున్నారని, పరీక్షలయ్యాక ముహూర్తమని స్నేహితురాళ్లు టీచర్ చెవిన వేస్తారు. పిల్లలు చెప్పేదీ తాము నమ్మిన టీచర్‌కే. ఆమె ఆ ఇంటికి వెళ్లి తల్లిదండ్రులకు నచ్చజెప్పొచ్చు, వినకపోతే 1098కి ఫోన్ చేయొచ్చు. ఆ వేసవిలో ఆమెకు బదిలీ అయితే? జూన్‌లో వచ్చే కొత్త టీచర్‌కు ఆ అమ్మాయి పేరు హాజరు పట్టీలో ఒక వరస మాత్రమే.

పరిష్కారానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. బదిలీల ప్రక్రియను మార్చిలోనే పూర్తి చేసి, ఎవరు ఎక్కడికి వెళుతున్నదీ చివరి పని దినానికి ముందే చెప్పవచ్చు. వెళ్లేవారు, వచ్చేవారు ఒక్క పూట ఒకే తరగతి గదిలో కూర్చుని పిల్లల గురించి మాట్లాడుకునే ఏర్పాటు చేయవచ్చు. బియ్యం తూకానికి పట్టేపాటి సమయం చాలు. కొందరు టీచర్లు ఎవరూ అడగకుండానే వెళ్లేముందు ఒక నోటుబుక్కులో పిల్లల వివరాలు రాసి బీరువాలో పెట్టి వెళతారు. దాన్ని ఎవరైనా తెరిచి చూస్తారన్న హామీ లేదు.

జూన్ మొదట్లో బడిబాట మొదలవుతుంది. టీచర్లు బ్యానర్ పట్టుకుని వీధులు తిరుగుతారు, పిల్లల్ని బడిలో చేర్చమని ఇంటింటికీ చెబుతారు. పాత టీచర్ అయితే ఏ ఇంటి ముందు ఎక్కువసేపు నిలబడాలో తెలుసు. కొత్తగా వచ్చినవారు ఇంటి నంబర్ల వరసలో వెళతారు. జూన్ 12న తొలి గంట మోగాక రిజిస్టరు తెరిచి పేర్లు పిలుస్తారు. ఒక పేరు దగ్గర ఎవరూ పలకరు. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. టీచర్ ఆ పేరు ఎదురుగా ‘గైహాజరు’ అని రాసి తర్వాతి పేరు పిలుస్తారు.