పసుపు మోదుగ పంచాయితీ

ఫాల్గుణంలో ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాద్ పోయే రైలెక్కితే కిటికీ పక్కనే కూర్చోవాలి బుజ్జీ. భోకర్ దాటి కిన్వట్ వైపు పోతుంటే గుట్టల మీద మోదుగ చెట్లకు ఆకులుండవు, పూలే పూలు. మరాఠీలో పళస్ అంటారు. మాహూర్ రేణుకమ్మ గుట్ట దారిలోనూ ఇదే వైభోగం.

"తాతా, పసుప్పచ్చగా పూసే మోదుగ కూడా ఉందట, అది వేరే జాతా?" అని కదూ నీ ప్రశ్న?

రంగు సంగతి తర్వాత. ముందు కింద రాలిన పువ్వొకటి తీసుకో. తొడిమ దగ్గర గిన్నె నల్లగా ఉంది, వేలితో రుద్దు, మెత్తని నూగు తగులుతుంది. రేకులు ఐదు. అడుగున రెండు అతుక్కుని చిలకముక్కులా వంగాయి. దాన్ని నొక్కితే లోపలి కేసరాలు బయటపడతాయి. లెక్కపెట్టు: పది. తొమ్మిది ఒకచోట కలిసి, ఒకటి విడిగా. తేనెపిట్ట వాలి తేనె తాగేటప్పుడు పుప్పొడి అంటేది వీటి నుంచే. ఆ పని ఉడుత కూడా చేస్తుంది, దొంగతిండికి వచ్చి!

ఇక ఆకు చూడు, మూడేసి. కాయ చూడు, కొసన ఒక్కటే గింజ. కొమ్మకు ముళ్లుంటే అది మోదుగ కాదు, బాడిద అయ్యుంటుంది. ఎర్రపూలు చూసి చాలామంది అక్కడే బోల్తా పడతారు.

పసుపు మోదుగలోనూ ఇవన్నీ ఇలాగే ఉంటాయి. మారేది రంగొక్కటే. అందుకే దాన్ని వేరే జాతి అనలేదు, ఉపజాతి హోదా కూడా ఇవ్వలేదు, 'రకం' అన్నారు. మాహూర్‌కు ఆనుకుని ఉన్న బేరార్ అడవుల చెట్ల జాబితా రాసిన అటవీ అధికారి విట్ దాన్ని మొదట రకంగా గుర్తించాడు. 1961లో వృక్షశాస్త్రజ్ఞుడు మహేశ్వరి ఇప్పటి శాస్త్రీయ నామం కిందికి మార్చాడు: బ్యుటియా మోనోస్పెర్మా, రకం లూటియా.

ఉపజాతి అనిపించుకోవాలంటే తేడాలతో పాటు సొంత ఇలాకా కూడా ఉండాలి. శ్రీలంక ఏనుగు ఒక ఉపజాతి, మన ఏనుగు ఇంకొకటి, మధ్యలో సముద్రం. పసుపు మోదుగకు అలాంటి హద్దు లేదు. మామూలు మోదుగల నడుమే ఎక్కడో అరుదుగా ఒకటి పూస్తుంది. నన్నడిగితే రకమనడమే న్యాయం.

ఎప్పుడైనా కనిపిస్తే ఫోటో తీసుకో, చోటు మాత్రం ఊరంతా చాటకు. దాని కింద నిధి ఉంటుందని వేర్లు తవ్వేవాళ్లు, మహిమ ఉందని బెరడు చెక్కుకుపోయేవాళ్లు ఇంకా ఉన్నారు.