మలావి పల్లెల్లో రోకలి పట్టిన వలంటీర్లు

మలావి ఆఫ్రికా ఖండంలో ఆగ్నేయ దిక్కున వున్న చిన్న దేశం. 1964లో స్వాతంత్య్రం వచ్చింది. అంతకు ఏడాది ముందే అమెరికా పీస్ కోర్ వలంటీర్లు అక్కడ అడుగుపెట్టారు. బడి, ఆరోగ్యం, చెట్ల పెంపకం వంటి పనులకు వెళ్తారు. శిక్షణతో కలిపి 27 నెలలు అక్కడే వుండాలి. జీతం వుండదు. ఊరివాళ్లలా బతకడానికి సరిపడే భత్యం ఇస్తారు.

ఆరోగ్య పనికి వెళ్లిన అమ్మాయికి మొదట ఎదురయ్యే చిక్కు భాష కాదు, మాట వినేవాళ్లు దొరకకపోవడం. పొద్దున పది గంటలకు మీటింగు అంటుంది. చెట్టు కింద ఎవరూ వుండరు. ఆ వేళకు ఆడవాళ్లు బోరింగు దగ్గరో, పొలంలోనో, కట్టెల కోసం గుట్ట మీదో వుంటారు. చంటిపిల్లను చితెంజే అనే గుడ్డతో వీపున కట్టుకుని, నెత్తిన చుట్టకుదురు పెట్టి నీళ్లు మోస్తారు. పొలం పని చాలావరకు చేతి పారతోనే. వాళ్లతో మాట్లాడాలంటే వాళ్లు వున్నచోటికే పోవాలి. పోయాక చేతులు ముడుచుకుని నిలబడితే బాగుండదు.

అన్నిటిలోకీ బరువైన పని పిండి. అక్కడి తిండి న్సీమా. మన సంగటి వంటిదే గాని మొక్కజొన్న పిండితో చేస్తారు. ముందు గింజలు దంచి పై పొట్టు తీస్తారు. చేటతో చెరిగి, రెండు మూడు రోజులు నీళ్లలో నానబెడతారు. కడిగి ఆరబెట్టి మళ్లీ దంచుతారు, లేదా మిల్లుకు మోసుకుపోతారు. మిల్లుకైతే డబ్బు కావాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో రోకళ్లు వేస్తారు. ఒకరిది లేస్తుంటే మరొకరిది పడాలి. కొత్తగా వచ్చిన అమ్మాయికి ఆ పోటు అందదు. అరచేతులు బొబ్బలెక్కుతాయి. నిజానికి ఆమె సాయం వల్ల పని ఆలస్యమే అవుతుంది. మగవాళ్లు రోకలి ముట్టరు. మన ఊళ్లలో ముట్టారా అంటే అదీ లేదు.

ఆ రోలు దగ్గరే అసలు పేచీ బయటపడుతుంది. పొట్టు తీస్తే సత్తువ పోతుంది, పొట్టుతోనే పిండి పట్టించుకోండి అని చెప్పడం వలంటీరు పని. ఆడవాళ్లకు అది తెలియని సంగతి కాదు. కోతకు ముందు, జనవరి నుంచి మార్చి దాకా గాదెలు ఖాళీ అయినప్పుడు వాళ్లు తినేది ఆ తవుడే. అందుకే చేతిలో గింజలున్న నాడు తెల్లపిండి కావాలంటారు. చుట్టం వస్తే తవుడు పిండి వండటం నామోషీ. నాలుగు పోట్లు వేస్తేనే గాని ఈ మాట ఆమె చెవిన పడదు.

మరో సంగతీ తెలుస్తుంది. ఆకుకూరలో వేరుశనగ పొడి దంచి కలపడం అక్కడి ఇల్లాళ్లకు పాత అలవాటు. అది రుచి కోసమే కాదు. 1990లో మలావిలో తలదాచుకున్న మొజాంబిక్ శరణార్థులకు రేషన్‌లో వేరుశనగ అందలేదు. ఎనిమిది తొమ్మిది నెలల్లో దాదాపు 18 వేల మందికి పెలాగ్రా పట్టుకుంది. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొలుసులు లేచే జబ్బు అది. జొన్నే ముఖ్యమైన తిండి అయిన మన పేదల్లోనూ అది వుందని హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు 1960లోనే రాశారు. తవుడు గురించి పాఠం చెప్పబోయిన అమ్మాయి, పిడికెడు వేరుశనగ ఎక్కువ వేయమంటే వినేవాళ్లు దొరుకుతారు. అయితే ఆ పొడికీ మళ్లీ రోకలే పట్టాలి.

ఇంత చేసినా ఆ అమ్మాయి చుట్టపుచూపు మనిషే. గడువు తీరాక విమానం ఎక్కుతుంది. నీళ్లు మోసినా దంచినా ఆ ఇంటి బరువు ఏమంత తగ్గదు. తగ్గాలంటే బోరింగు దగ్గరలో వుండాలి, మిల్లు కూలి అందుబాటులో వుండాలి. మీటింగు మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రానికి, చెట్టు కింద నుంచి రోలు దగ్గరికి మారుతుంది. నవంబరులో వానలు పడ్డాయంటే అదీ వుండదు. పొద్దున లేస్తే అందరూ పారలు తీసుకుని పొలాల్లోనే వుంటారు.