మేస్త్రికి మనం బాకీ ఉన్నామా?

మీ ఊరి సైకిలు షాపు ఎక్కడున్నదో మీ ఇంట్లో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. బస్సు ఆగే చోటనో, చెట్టు క్రిందనో ఒక రేకుల పాక ఉంటుంది. ముందు గాలి పంపు, ప్రక్కన పంచరు చూసే నీళ్ళ తొట్టి, దూలానికి వేలాడే పాత టైర్లు, లోపల చేతులనిండా గ్రీజుతో మేస్త్రి. ఇంతగా తెలిసిన ఆ మనిషికి మనం ఏమైనా బాకీ ఉన్నామా అని మాత్రం మనలో చాలామంది ఎన్నడూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి నన్ను ఆలోచింపజేసింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నా, ఇతర కుటుంబాలకు ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాను.

ముప్పావు గంట

రెండేళ్ళ క్రిందట మా అమ్మాయి హైస్కూలులో చేరింది. బడి నాలుగు కిలోమీటర్ల దూరం. బస్సు ఉన్నది గాని, అది వచ్చే వేళకు బడి గంట కొట్టేస్తారు. సైకిలు కొనక తప్పలేదు.

ఒక సాయంత్రం అమ్మాయిని వెంటబెట్టుకొని మేస్త్రి దగ్గరకు వెళ్ళాను. ఆయన చేతిలో పని ఆపి లేచాడు. మూడు సైకిళ్ళు బయటికి తీసి, ఒక్కొక్కదాని మీద అమ్మాయిని ఎక్కించి చూశాడు. సీటు దించాడు, పెంచాడు, కాలు నేలకు ఆనుతున్నదో లేదో వంగి చూశాడు. "మాస్టారూ, 24 అంగుళాల చక్రం ఇప్పటికి బాగానే ఉంటుంది గాని, రెండేళ్ళలో పొట్టిదైపోతుంది. 26 తీసుకుని సీటు దించుకోండి. చున్నీ చైనులో పడకుండా నిండు కవరు ఉన్నది చూసుకోండి" అన్నాడు. ధర 6,800 రూపాయలు చెప్పాడు. అప్పటికి ముప్పావు గంట గడిచింది. "ఆలోచించుకొని చెబుతాను మేస్త్రీ" అని ఇంటికి వచ్చేశాను.

ఆ రాత్రే మా బావమరిది ఫోనులో వెదికి చూపించాడు. అదే కంపెనీ, అదే 26 అంగుళాలు, అదే చైను కవరు. ధర 5,700. పుస్తకాలు, యూనిఫారాలు, ఫీజులు అన్నీ ఒక్కసారే మీద పడే జూన్ నెలలో 1,100 రూపాయలు చిన్న మొత్తం కాదు. వెంటనే ఆర్డరు పెట్టేశాం. మేస్త్రికి ఆ మాట చెప్పలేదు. ఆరు రోజులు ఆయన షాపు ముందు నుండి కాక, చెరువుగట్టు మీదుగా చుట్టూ తిరిగి బడికి వెళ్ళాను.

పెట్టెలో వచ్చిన సైకిలు

అట్టపెట్టె వచ్చింది. చాలావరకు బిగించే ఉంది. ముందు చక్రం, హాండిలు, సీటు, పెడళ్ళు మనం బిగించుకోవాలి. ఎదురింటి కుర్రవాడు, నేను కలిసి కూర్చున్నాం. పెడలు దగ్గరకు వచ్చేసరికి అది ఎంతకూ లోపలికి పోదు. పానా పట్టుకొని ఇద్దరం బలంకొద్దీ త్రిప్పాం. పోయింది. మరునాడు అమ్మాయి వీధి చివరకు వెళ్ళేసరికి ఎడమ పెడలు ఊడి చేతికి వచ్చింది.

నాకు తెలియనిది ఒకటి ఉన్నది. సైకిలుకు కుడి పెడలు మర, ఎడమ పెడలు మర ఒక్కటి కావు. కుడిది మామూలు మర. ఎడమది తిరగమర. తొక్కేకొద్దీ వదులైపోకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. పెడళ్ళ మీద ఎల్, ఆర్ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఏ ప్రక్కనైనా సరే, సైకిలు ముందు చక్రం వైపుకు త్రిప్పితే బిగుస్తుంది. మేము కుడి పెడలును ఎడమ ప్రక్క బలవంతాన ఎక్కించి, క్రాంకులోని మరలు కొరికేశాం.

సైకిలు నడిపించుకుంటూ మండల కేంద్రంలోని మరో షాపుకు పోదామనుకున్నాను. ఎందుకో చెప్పనక్కరలేదు. మా అమ్మాయే, "ఎందుకు నాన్నా అంత దూరం? మన మేస్త్రి తాతయ్య ఉన్నాడుగా" అంది. పిల్లల ముందు మన గుట్టు నిలవదు.

మేస్త్రి సైకిలును ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. తలక్రిందులుగా నిలబెట్టి చక్రం త్రిప్పాడు. క్రాంకు సంగతి అటుంచి, ముందు చక్రం వంకరగా ఊగుతున్నది. బ్రేకు కట్ట రిమ్ముకు కాక టైరుకు రాసుకుంటున్నది. "ఇది ఇలాగే తొక్కితే కొద్ది రోజుల్లో టైరు కోసుకుపోతుంది మాస్టారూ. కాలువ వంతెన దిగేటప్పుడు పగిలితే పిల్ల ఏమౌతుంది?" అన్నాడు. అంతవరకు నా మనస్సులో ఉన్నది 1,100 రూపాయల లాభమే. ఆ మాటతో నా కాళ్ళు వణికాయి.

క్రాంకు మార్చాడు. చక్రం వంకర తీశాడు. బ్రేకులు సరిచేశాడు. సామానుకు 180, పనికి 250, మొత్తం 430 తీసుకున్నాడు. అప్పుడు నెమ్మదిగా అన్నాడు: "పెట్టెలో వచ్చిన సైకిలంటే సగం పని అయినట్టు. నా దగ్గర కొంటే మిగతా సగం ఆ ధరలోనే ఉంటుంది. బయట కొన్నారు గనుక ఆ సగానికి ఇప్పుడు ఇచ్చారు. అంతే. నాకు కోపం ఏమీ లేదు."

లెక్క సరిచూసుకుంటే

చదువరులు ఒకటి గమనించాలి. 5,700కు 430 కలిపినా 6,130 అవుతుంది. అంటే నాకు ఇంకా 670 రూపాయలు మిగిలాయి. కాబట్టి "చౌకగా కొంటే చివరకు నష్టమే" అని నీతి చెప్పడానికి నేను ఇది వ్రాయడం లేదు. చాలాసార్లు బయట ధర నిజంగానే తక్కువ. ఉన్నమాట చెప్పుకోవాలి.

నన్ను బాధించినది వేరు. ఏ సైజు కొనాలో, ఏ కవరు ఉండాలో నాకు చెప్పినది ఫోను కాదు, మేస్త్రి. ఆ ముప్పావు గంట ఆయన దగ్గర తీసుకున్నాను, డబ్బు మాత్రం ఎక్కడో ఉన్న కంపెనీకి ఇచ్చాను. మన పొలంలో కూలికి వచ్చినవాడికి పూట కూలి ఎగవేస్తే ఊరంతా తప్పు పడుతుంది. అనుభవమున్న మనిషి తెలివిని పూటసేపు వాడుకొని ఊరికే వచ్చేస్తే ఎవరూ తప్పు పట్టరు. అయితే రెండింటికీ తేడా ఎంత?

షాపు ధరలో ఏముంటుంది?

మన పెద్ద సైకిలుకు సాధారణంగా ముందు చక్రానికి 32 పుల్లలు, వెనుక చక్రానికి 40 పుల్లలు ఉంటాయి. ప్రతి పుల్ల బిగువు సమంగా ఉంటేనే చక్రం తిన్నగా తిరుగుతుంది. క్రొత్త సైకిలు తొక్కిన మొదటి వారాలలో పుల్లలు సర్దుకొని వదులౌతాయి, బ్రేకు తీగలు సాగుతాయి, నట్లు కదులుతాయి. అందుకే క్రొత్త సైకిలును నెలలోపల ఒకసారి మళ్ళీ బిగించుకోవాలి. ఊరి షాపులో కొన్నవారికి మేస్త్రి ఇది సాధారణంగా ఊరికే చేసిపెడతాడు. అంతేకాక, అమ్ముడుపోయేవరకు షాపులో నిలిపిన ప్రతి సైకిలు మీదా ఆయన డబ్బు ఇరుక్కొని ఉంటుంది. పాక అద్దె ఉంటుంది. వీటన్నిటికీ ఆధారం నెలకు అమ్ముడయ్యే రెండు మూడు సైకిళ్ళే. గాలికి, పంచరుకు వచ్చే చిల్లర డబ్బులతో షాపు నిలవదు.

అలాగని మేస్త్రి చెప్పినదే వేదవాక్కు అనుకోనక్కరలేదు. పెట్టె మీద అచ్చువేసిన గరిష్ఠ ధర అంతకు మించి అమ్మకూడదని పెట్టిన హద్దు మాత్రమే. అంతకు తక్కువకు అమ్మవచ్చు, మనం అడగవచ్చు.

కంపెనీ పోయినా మేస్త్రి ఉంటాడు

2011 జనగణన ప్రకారం మన దేశంలో నూటికి సుమారు 45 ఇళ్ళలో సైకిలు ఉన్నది. పల్లెలలో ఇంకొంచెం ఎక్కువే. పాలు పోసేవారు, పొలం వెళ్ళేవారు, బడి పిల్లలు దాని మీదే ఆధారపడ్డారు. నా చిన్నతనంలో మా పాస్టరుగారు మూడు ఊళ్ళ సంఘాలను సైకిలు మీదే చూసుకునేవారు. వర్షాకాలంలో బురద పట్టిన చైనును మేస్త్రి తండ్రి రాత్రి దీపం పెట్టుకొని కడిగి ఇచ్చేవాడు, తెల్లవారి ఆరాధనకు పాస్టరుగారు ఆలస్యం కాకూడదని.

1951లో మొదలైన అట్లాస్ సైకిలు పేరు మన పెద్దలందరికీ తెలుసు. 2020 జూన్ 3న, సరిగా ప్రపంచ సైకిలు దినం నాడు, సాహిబాబాద్‌లోని దాని కర్మాగారంలో పని ఆగిపోయింది. అయినా పాత అట్లాస్ సైకిళ్ళు మన దారులలో తిరుగుతూనే ఉన్నాయి. ఎవరివలన? ఊరూరా వాటిని విప్పి, కడిగి, గ్రీజు పెట్టి బిగించే మేస్త్రుల వలన. గ్యారంటీ కాగితం బీరువాలో ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికి పంచరు పడితే పిల్లను బడికి పంపేది ఆ కాగితం కాదు.

మేస్త్రులు ఒక్కొక్కరే షాపులు మూసి, కొడుకులను పట్నాలకు పంపుతున్నారు. షాపు మూసినరోజున మనం వెళ్ళి "అయ్యో" అంటాం. కాని ఆ తాళం కప్పలో మన చెయ్యి కూడా కొంత ఉన్నది.

మరి బయట కొనడం తప్పా?

తప్పు కాదు. కావలసిన రకం ఊళ్ళో దొరకకపోవచ్చు. రోజు కూలి మీద బ్రతికే ఇంటికి ఆ తేడాయే నెల బియ్యం కావచ్చు. అటువంటివారిని నిందించే అధికారం ఎవరికీ లేదు. అయితే బయట కొన్నా సరే, ఈ నాలుగు విషయాలు మన కుటుంబాలలో పాటించవచ్చు.

మొదటిది, ముందుగా ఊరి షాపులో అడగండి. బయటి ధర దాచకుండా చెప్పి, "ఎంతవరకు తగ్గగలవు?" అనండి. రెండవది, బయట కొనాలని ముందే నిశ్చయించుకుంటే, ఎక్కించి చూపించమని, సైజు చెప్పమని ఆయన సమయం వాడుకోకండి. సలహా కావాలంటే సంగతి చెప్పి, దాని వెల ఇచ్చి అడగండి. మూడవది, బయట కొన్న సైకిలును మేస్త్రి చేతనే బిగించండి. అడిగిన కూలి బేరం లేకుండా ఇవ్వండి. నాలుగవది, టైర్లు, ట్యూబులు, బ్రేకు కట్టలు వంటి చిన్న సామాను ఆయన దగ్గరే కొనండి.

షాపువారికీ ఒక మాట. నకిలీ సామాను వేసి అసలు ధర తీసుకోవద్దు. రేపు రమ్మని పది రోజులు త్రిప్పవద్దు. అడిగినవారికి బిల్లు ఇవ్వండి. బయట కొన్న సైకిలు తెచ్చినవాణ్ణి ఎగతాళి చేసి పంపవద్దు. ఈ రోజు సైకిలు బాగుచేయించుకున్నవాడే రేపు కొనడానికి వస్తాడు. నమ్మకత్వం రెండు వైపులా ఉండాలి.

ఈ సంవత్సరం

ఈ జూన్‌లో మా అబ్బాయికి సైకిలు అవసరమైంది. ఈసారి ముందుగా ఫోనులో ధర చూసి, అదే కాగితం మీద వ్రాసుకొని మేస్త్రి దగ్గరకు వెళ్ళాను. "అంతకు రాదు మాస్టారూ, 400 ఎక్కువౌతుంది. సంవత్సరం పాటు బిగింపులు నావి" అన్నాడు. సరేనన్నాను. డబ్బు లెక్కపెడుతూ, ఆనాటి ముప్పావు గంట సంగతి ఎత్తి క్షమించమని అడిగాను.

ఆయన నవ్వాడు. "ఆ రోజు ఎక్కించి చూపించకపోతే మీరు 24 కొనేవారు. పిల్ల ఈపాటికి మోకాళ్ళు హాండిలుకు తగిలించుకుంటూ తొక్కేది. సైజైనా సరిగా కొన్నారు, నాకదే సంతోషం" అన్నాడు.

ప్రియ పాఠకులారా, మీ ఊరి మేస్త్రి, దర్జీ, చెప్పులు కుట్టే ఆయన, వీరిలో ఎవరి ముప్పావు గంట మీ దగ్గర ఉన్నదో ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లలతో కూడా మాట్లాడి చూడండి. ఆ బాకీ తీర్చడానికి పెద్ద డబ్బేమీ అక్కరలేదు.