ఇంటి మాటే ఆయన పాట

'ఊరు మనదిరా' పాట తెలంగాణ పల్లెల్లో వినని వారు అరుదు. రాసిందెవరని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. ఆయన గూడ అంజయ్య. మనకు దూరపు మనిషేమీ కాదు. బల్లార్షాలో కాజీపేట వైపు రైలెక్కితే దారిలో తగిలే మంచిర్యాల ప్రాంతమే ఆయనది.

1955లో ఆదిలాబాద్ జిల్లా లింగాపురంలో ఓ పేద దళిత కుటుంబంలో పుట్టారు. అప్పటికి మన రాజురా తాలూకా కూడా ఆ జిల్లాలోదే. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఇటు వచ్చింది. హద్దు మారినా ఇళ్లలో మాట మారలేదు.

దొరల పెత్తనం, కూలీల కష్టం చూస్తూ పెరిగిన అంజయ్య చిన్న వయసులోనే పాటలు కట్టారు. ఫార్మసీ చదివి, ప్రభుత్వ ఫార్మసిస్టుగా పనిచేస్తూనే పాట రాశారు, పాడారు. ఊరును నిలబెట్టేది కష్టజీవులైతే దొర పెత్తనం ఏమిటని అడిగిన 'ఊరు మనదిరా' 16 భాషల్లోకి వెళ్లిందని చెబుతారు. పాటలతో ఆగక కథలు, నవలా రాశారు. తెలంగాణ ఉద్యమంలో ఆయన 'రాజిగ ఒరె రాజిగ' ఊరూరా మోగింది. 2016లో కన్నుమూశారు.

ఆయన పాటల బలం పుస్తక భాషలో లేదు, అవ్వ నోటి మాటలో ఉంది. గనుల్లో, కాగితం మిల్లులో పనికోసం వలస వచ్చిన మన కుటుంబాల్లో ఇప్పటికీ వినిపించేది ఆ తెలుగే. బయట మరాఠీ, బడిలో పుస్తకాల తెలుగు, ఇంట్లో 'గట్ల, గిట్ల'. వీటి మధ్య పిల్లలు మూడో దాన్ని దాచుకుంటున్నారు. 'పొద్దుగాల' అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసిన పిల్లవాడు మరుసటి రోజు నోరు విప్పడు. 'ఉదయం' అన్న మాట పక్కన రాయించండి. 'పొద్దుగాల'ను మాత్రం కొట్టేయకండి. పరీక్షకు ఒకటి కావాలి, పాటకు రెండోది కావాలి.

తల్లిదండ్రులకూ ఒక పని ఉంది. నాట్ల పాటో, బతుకమ్మ పాటో, జోలపాటో ఇంట్లో పెద్దవాళ్లకు వచ్చింది ఒకటి పిల్లలతో పాడించండి. అవ్వ పలికినట్టే నోటుబుక్కులో రాయించి బడికి పంపండి. ఉపాధ్యాయులు శనివారం ఒక పీరియడు వాటికి కేటాయిస్తే చాలు. తరగతిలో ముప్పై మంది ఉంటే ముప్పై పాటలు వస్తాయి. అవన్నీ కలిపి కుడితే బడి లైబ్రరీకి ఇంకెక్కడా దొరకని పుస్తకం తయారవుతుంది.