'సవరణ': ఒక మాట, దాని మేర

హిందీ నుండి తెలుగులోనికి అనువదించేవారిని అపరిచితమైన మాటలకంటె పరిచితమైన మాటలే ఎక్కువగా చిక్కులలో పడవేస్తాయి. ఈ వృత్తిలో ప్రవేశించిన కొత్తలో నేనొక హిందీ వ్యాసంలోని 'సంవిధాన్ సంశోధన్' అనే పదబంధాన్ని 'రాజ్యాంగ సంశోధన' అని ఉన్నదున్నట్లు దింపివేశాను. చిత్తుప్రతి చూసిన కన్నడ మిత్రుడొకరు, "ఇక్కడ రాజ్యాంగాన్ని మారుస్తున్నారా, దానిపై పరిశోధన చేస్తున్నారా?" అని అడిగారు. ఆ ప్రశ్నలో నవ్వుకోదగినదానికంటె ఆలోచించదగినదే ఎక్కువ.

సంస్కృతంలో శోధించుట అనగా శుద్ధి చేయుట. వెదకుట అనికూడా అర్థమున్నది. హిందీ, బెంగాలీ భాషలు 'సంశోధన్' మాటలో మొదటి అర్థాన్ని గ్రహించాయి. మరాఠీ, గుజరాతీ, కన్నడ భాషలు రెండవదాన్ని గ్రహించి, పరిశోధనకు ఆ పేరు పెట్టాయి. ఇంగ్లీషు 'అమెండ్‌మెంట్'కు తెలుగువారు స్థిరపరచుకున్న మాట 'సవరణ'.

'అమెండ్‌మెంట్' ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోనికి వచ్చినది. దీనికి మూలమైన లాటిను ధాతువుకు లోపాన్ని తొలగించుట అని అర్థం. కనుక ఇది కేవలం మార్పు కాదు. ఉన్నదానిని నిలుపుకొంటూ బాగుచేయడం. మన సవరణలోనూ ఈ భావమే ఉన్నది. పైట సవరించుకుంటాము, గొంతు సవరించుకుంటాము. గొంతు సవరించుకున్నంత మాత్రాన మనిషి గొంతు మారిపోదు; మాట స్పష్టమవుతుంది.

ఈ అర్థభేదం పండితుల వినోదం మాత్రమే కాదు. మన రాజ్యాంగంలోని 368వ అధికరణం సవరణకు సంబంధించినది. చేర్చుట, మార్చుట, రద్దుచేయుట అనే మూడు విధాలుగా పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చునని 1971లో 24వ సవరణ ద్వారా అందులో స్పష్టపరచారు. అట్లయితే మొత్తం రాజ్యాంగాన్నే రద్దుచేయడం కూడా సవరణే అవుతుందా? కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఎదుట నిలిచిన ప్రధాన ప్రశ్నలలో ఇది ఒకటి. 1973 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు 7-6 ఆధిక్యతతో తీర్పు చెప్పింది. పార్లమెంటు ఏ భాగాన్నైనా సవరించవచ్చును గాని, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చరాదన్నది దాని సారాంశం. సవరణ అనే మాటలోనే పాత రాజ్యాంగం తన స్వరూపాన్ని కోల్పోకుండా మిగిలి ఉండడం ఇమిడి ఉన్నదని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా వివరించారు. ఒక పదానికి గల మేర ఒక దేశపు శాసనాధికారానికి మేరగా నిలిచినది.

మరొక విశేషం గమనించదగినది. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాల ఏర్పాటు సందర్భంగా ఏడవ సవరణ జరిగింది. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు కూడా రాజ్యాంగపు మొదటి షెడ్యూలు మారినది. అయినా ఆ మార్పును 368వ అధికరణం ఉద్దేశించిన సవరణగా లెక్కించరు. నాలుగవ అధికరణం అట్లా నిర్దేశించింది. అంటే రాజ్యాంగ పాఠంలో జరిగే ప్రతి మార్పూ చట్టరీత్యా 'సవరణ' కాదన్నమాట.

అనువాదకుడు ఈ మేరను ఎరిగి మాటను వాడవలసి ఉంటుంది. సమాజాన్ని, పరిపాలనను మేలుదిశగా మార్చేది సంస్కరణ. రాతలోని పొరపాటును సరిచేసేది దిద్దుబాటు. చట్టం వాక్యాన్ని విధి ప్రకారం మార్చేది సవరణ. అయితే ఓటర్ల జాబితా విషయంలో హిందీవారు 'పునరీక్షణ్' అంటే, మనము అక్కడకూడా సవరణ అనే అంటాము. వాడుకకు తలవంచక తప్పదు.

ఒకే మూలం నుండి వచ్చిన మాట ఇరుగుపొరుగు భాషలలో భిన్నమైన అర్థాలతో జీవిస్తున్నది. రూపం ఒకటే గదా అని అర్థాన్ని ఊహించుకొనక, పొరుగువారినడిగి తెలుసుకోవడం మేలు. ఆనాడు నా చిత్తుప్రతిని ఆ మిత్రుని ప్రశ్నయే సవరించినది.